చెప్పిన దూరము, చూపిన దూరము

విద్యుత్ కార్లు కొన్నవారు నేడు తఱచుగా నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. ప్రకటనలో 585 కిలోమీటర్లని వ్రాసినారు, రాత్రియంతయు ఛార్జింగు పెట్టి తెల్లవాఱి చూడగా నెదుటి తెరపై 410కి అటునిటుగా మాత్రమే కనబడుచున్నది, నడుమనున్న దూరమేమైనది? బ్యాటరీ చెడినదా, తెర యబద్ధమాడుచున్నదా, కంపెనీవారు మోసగించినారా? ఈ మూడింటిలో నేదియు సామాన్యముగా నిజము కాదు. అట్లని కొన్నవాని ఫిర్యాదు నిరాధారమును గాదు.

ప్రకటనలోని సంఖ్య రహదారిపై పుట్టినది కాదు, పరీక్షాలయములో పుట్టినది. పుణెయందలి ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషన్ వంటి సంస్థలు కారును రోలర్లపై నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగముల పట్టిక ననుసరించి నడిపించును. ఈ పట్టికలో మొదటి భాగము పట్టణపు నడక. అందు వేగము గంటకు 50 కిలోమీటర్లు దాటదు. రెండవ భాగము ఊరివెలుపలి నడక. అందు గరిష్ఠ వేగము 90. రెండును కలిసి 1180 సెకండ్లు, అనగా నిరువది నిమిషములకు లోపు. సగటు వేగము గంటకు 33 కిలోమీటర్లకు లోబడియే యుండును. బ్యాటరీ యుడుగువఱకు నీ పట్టికయే మఱల మఱల తిరుగును. ఏసీ ఆపివేయబడి యుండును. గది చల్లగా సుఖముగా నుండును. గోతులుండవు, ఎదురుగాలి యుండదు, వెనుక సీటులో పెండ్లివారును వారి పెట్టెలును నుండవు. ఇట్టి పరీక్షవలన ప్రయోజనము లేకపోలేదు. రెండు కంపెనీల బండ్లను ఒకే త్రాసున తూచుట కది యక్కఱకు వచ్చును. కాని త్రాసునకై పెట్టిన సంఖ్యను కొనుగోలుదారునకు వాగ్దానముగా జూపినచో చిక్కు మొదలగును.

ఈ సంఖ్య యెంత మెత్తనిదో తెలియుటకు 2024వ సంవత్సరములో జరిగిన దానిని చూడుడు. అంతవఱకు బండ్ల నమ్మువారు తఱచుగా పట్టణపు భాగముననుసరించిన దూరమునే ప్రకటించుచుండిరి. ఆ సంవత్సరమున తయారీదారుల సంఘము రెండు భాగములను గలిపియే చెప్పవలెనని నిర్ణయించుకొన్నది. టాటావారి పంచ్ విద్యుత్ కారులో 35 యూనిట్ల బ్యాటరీ గల రకమునకు మొదట 421 కిలోమీటర్లని ప్రకటన. క్రొత్త పద్ధతిని అది 365 అయినది. బండి మాఱలేదు, బ్యాటరీ మాఱలేదు, మన రోడ్లును మాఱలేదు. కొలతబద్ద మాఱినంతనే 56 కిలోమీటర్లు గాలిలో గలిసినవి!

అదే కంపెనీవారు అదే సంవత్సరములో మఱియొక మంచిపని చేసినారు. కర్వ్ కారులో 55 యూనిట్ల బ్యాటరీకి 585 అను పరీక్షాలయపు సంఖ్యతోపాటు, వాడుకలో నూటికి డెబ్బదియైదుగురు పొందగలదని తాము లెక్కించిన 400 నుండి 425 కిలోమీటర్ల సంఖ్యను గూడ వెల్లడించినారు. లెక్క వేసి చూడుడు: మొదటి సంఖ్య ప్రకారము యూనిట్ ఒకటికి 10.6 కిలోమీటర్లు, రెండవదాని ప్రకారము ఏడున్నర. పదింట మూడుపాళ్లు తరుగు. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ పద్ధతి యందును ప్రయోగశాలలో వచ్చిన దూరమును సామాన్యముగా 0.7 చేత గుణించి తగ్గించిన పిదపనే బండి అద్దముపై నంటించు చీటీకెక్కించుదురు. అక్కడ తగ్గింపు అమ్మకమునకు ముందే జరుగును. ఇక్కడ కొన్నవాడు తానే రోడ్డుమీద తగ్గించుకొనవలసి యున్నది.

ఈ మూడుపాళ్లు ఎక్కడికి పోవునన్నది ప్రకృతిశాస్త్రము చెప్పును. గాలి యెదిరించు బలము వేగము యొక్క వర్గము ననుసరించి పెరుగును. గంటకు 80 పోవు బండి 110 పోయినచో, కిలోమీటరునకు గాలిపై ఖర్చగు శక్తి యించుమించు రెండింతలగును. కావుననే హైదరాబాదు నుండి విజయవాడకు జాతీయరహదారిపై దూసికొని వచ్చువాడు ఊరిలో తిరుగువానికంటె తక్కువ దూరము పొందుచున్నాడు. పెట్రోలు బండికి ఊరిలోనే మైలేజి తక్కువ. విద్యుత్ బండికి బ్రేకు వేసినపుడెల్ల కొంతశక్తి మఱల బ్యాటరీకి చేరును గనుక ఊరే మేలు. పెట్రోలు బండికి అలవాటుపడినవారికి ఇది తలక్రిందుల లోకమువలె దోచుట సహజము. ఇక మనయెండ. మే నెలలో బెజవాడ ట్రాఫిక్కులో గంటకు 20 కిలోమీటర్లు కదలు కారు, ప్రకటన లెక్కను రెండు యూనిట్లకు లోపే త్రాగవలెను. ఏసీ గంటకొక యూనిట్ తీసికొన్నచో ఖర్చు ఒకటిన్నర యింతలగును. కొండదారి మాట చెప్పనేల? తిరుపతి నుండి తిరుమలకు సుమారు 700 మీటర్ల యెత్తు. మనుష్యులతో గూడ 1,600 కిలోల బండిని ఆ యెత్తునకు లేపుటకే మూడు యూనిట్లు కావలెను. దిగునపుడు అందు కొంత తిరిగివచ్చుట నిజమే, కాని యంతయు రాదు.

ఇపుడు తెర సంగతి. ఆ సంఖ్య కొలత యని పలువురు భ్రమపడుచున్నారు. అది యొక యూహ. మిగిలిన యూనిట్లెన్నియో, ఇటీవల నీవు యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు నడిపితివో చూచి, రెంటిని గుణించి చెప్పుట పలుబండ్ల పద్ధతి. నిన్న ఏడున్నర నడిచినచో నేడు నిండు బ్యాటరీకి 412 చూపును. నిన్న కొండ యెక్కినవానికి నేడు తక్కువ చూపును. కొండ దిగినవానికి ఆశ గొల్పును. కొన్ని బండ్లు నడక నటుంచి, పరీక్షాలయపు సంఖ్యనే ఛార్జి శాతముచేత గుణించి చూపును. వాని తెర మొదట సంతోషపెట్టి తరువాత వేగముగా దిగజారును. ఈ రెండవ తెరకంటె మొదటిదే మాకు నమ్మదగినదిగా దోచుచున్నది. అది యెక్కువ చెప్పినను తక్కువ చెప్పినను చోదకుని చేతలనే చెప్పుచున్నది. తెర తక్కువ చూపుచున్నదని దానిపై నలుగుట అద్దముపై నలుగుటవంటిది.

పెట్రోలు బండ్లకును ప్రకటనలోని మైలేజి వేఱు, చేతికి వచ్చునది వేఱు కదా, ఇంత రభస యేల యని యడుగువారున్నారు. పెట్రోలు తక్కువయినచో పది కిలోమీటర్లకొక బంకు. అయిదు నిమిషములలో పని తీఱును. విద్యుత్ బండికి దారిలో ఛార్జింగు స్థలము దొరకవలెను, దొరకినది పనిచేయుచుండవలెను, ముందున్నవాడు దిగవలెను, ఆపై గంటసేపు వేచియుండవలెను. బ్యాంకు అప్పుపై కిరాయి కారు కొన్నవాడు ఒక ఛార్జింగుతో విశాఖ నుండి విజయవాడకు 350 కిలోమీటర్లు తిరుగుదునని లెక్కగట్టి, దారిలో మఱియొక గంట నిలువవలసివచ్చినచో, ఆ గంట వాని కిరాయినుండి పోవును. వాయిదా మాత్రము నెలకు తప్పదు. వైద్యమునకై ముసలితల్లిని తీసికొనిపోవువానికి నష్టము రూపాయలలో లెక్కకురాదు.

ఈ విషయమున చట్టము మౌనముగా లేదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2వ సెక్షన్ 28వ క్లాజున, ముఖ్యమైన సంగతిని బుద్ధిపూర్వకముగా దాచు ప్రకటనయు తప్పుదారి పట్టించు ప్రకటనయే. మొదటి తప్పునకు 10 లక్షలు, తరువాతి వానికి 50 లక్షలవఱకు జుల్మానా విధించు నధికారము కేంద్రప్రాధికార సంస్థకు కలదు. 2022 జూనులో వెలువడిన మార్గదర్శకములు మఱింత స్పష్టము: ప్రకటనలోని మాట యే భాషలో నున్నదో షరతును అదే భాషలో, అదే తీరు అక్షరములలో నుండవలెను, ముఖ్యమైన సంగతిని షరతు కప్పిపుచ్చరాదు. మన వీథులలోని బోర్డులను చూడుడు. దూరము తెలుగున, తాటికాయలంత అంకెలలో. అది పరీక్షాలయపు దూరమను మాట యింగ్లీషులో, చీమతలలంత అక్షరములలో! ఇట్టివానిపై జిల్లా కమిషనులయందును ప్రాధికార సంస్థయందును ఫిర్యాదు చేయు హక్కు ప్రతి కొనుగోలుదారునకు కలదు. దక్షిణకొరియాలో 2023 జనవరిలో వర్తకపు న్యాయమును విచారించు ప్రభుత్వ సంఘము, చలికాలమున దూరము సగమువఱకు తగ్గునను సంగతిని కొనుగోలుదారులకు తెలుపలేదని టెస్లా కంపెనీపై 285 కోట్ల వాన్‌లు జుల్మానా వేసినది. అక్కడ చలి యెట్టిదో ఇక్కడ ఎండయు ఏసీయు నట్టివి.

స్వదేశీ పరిశ్రమపై బురద చల్లుట కిది వ్రాయుచున్నా మని యెవరును భావింపకుందురు గాక. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. ఆ ధారను తగ్గించు ప్రతి బండియు మాకు ప్రియమైనదే. అందువలననే మేమింత పట్టుదలతో నడుగుచున్నాము. ఖద్దరు నాడు కొన్నవారు ముతకదని తెలిసియే కొన్నారు. సన్నదని చెప్పి యమ్మియుండినచో రెండవమా రెవరును కొనియుండరు. విద్యుత్ కారు మొదట కొన్నవాని మాటయే ఊరిలో పదిమంది కొనుటకో మానుటకో కారణమగుచున్నది.

కేంద్ర రవాణాశాఖ మూడు సంఖ్యలను నిర్బంధము చేయవలెను: ఊరిలో ఏసీతో, రహదారిపై గంటకు 100 కిలోమీటర్ల నిలకడ వేగమున, నాలుగేండ్లు వాడిన బ్యాటరీతో. మూడును షోరూములో బండి అద్దముపై నంటించవలెను, మన జిల్లాలలో తెలుగున. అవి వచ్చులోపల, కొనబోవువారు అడ్వాన్సు చెల్లించుటకు ముందు రెండు పనులు చేయుదురు గాక. ప్రకటనలోని దూరము పట్టణభాగమునదో, రెండు భాగములదో వ్రాతమూలకముగా నడుగుడు. మధ్యాహ్నము రెండుగంటలకు ఏసీతో, ఇంటివారందఱను ఎక్కించుకొని, రహదారిపై 40 కిలోమీటర్లు నడిపి, ఎన్ని యూనిట్లు ఖర్చయినదో మీ చేతులతో వ్రాసికొనుడు.