కూతకే కిరీటమా?

కబడ్డీ యనగా కూతయే యనియు, కూతకు పోయి నలుగురిని తాకి వచ్చువాడే ఆటగాడనియు, తక్కినవారందఱు అతడు మరల కూతకు పోవువఱకు బరిలో చోటు నింపుటకు నిలిచియుండు వారనియు ఒక అభిప్రాయము మన సీమలో గాఢముగ వేళ్ళూనియున్నది. పొదిలి, దర్శి, కనిగిరి చుట్టుపట్ల సంక్రాంతి పోటీలను చూచినవారికి దీనిని వేఱుగ నిరూపింపనక్కఱలేదు. మైకు పట్టుకొన్నవాడు గొంతెత్తి పలుకు పేరు కూతగానిది, ఈలలు అతనికి, ఉత్సాహము పట్టలేక ఊరిపెద్ద బరిలోనికి వచ్చి చేతిలో పెట్టు నోటును అతనికే. బడిలో వ్యాయామోపాధ్యాయుడు పిల్లలను వరుసగ నిలిపి, చుఱుకైనవానిని కూతకు నియమించి, బరువుగ ఉన్నవానిని చూచి "నువ్వు మూలకు పోరా" అనును. ఆ మాటలో ఆ బాలునకు వినబడునది తిరస్కారమే. టెలివిజను వచ్చిన పిమ్మట ఈ భావము సడలుటకు మాఱు మఱింత బలపడినది. ఇది అసత్యమనియు, ఆటను చెఱచుచున్నదనియు, పట్టు పట్టువానికి దీనివలన జరుగుచున్న అన్యాయము సామాన్యమైనది కాదనియు నా దృఢవిశ్వాసము. కావున మొగమాటము లేక వ్రాయుచున్నాను.

మొదట ఆట నియమములనే చూతము. కూతగాడు తనకిచ్చిన 30 సెకనులలో ఎదుటి భాగమున ప్రవేశించి, బాక్ లైను దాటి, ఎవరిని తాకవలెనో, ఎప్పుడు తాకవలెనో, ఏ ప్రక్కనుండి మరలవలెనో తానే నిర్ణయించుకొనును. ఎవరిని తాకకుండ ఉత్తచేతులతో తిరిగి వచ్చినను సాధారణముగ అతనికి నష్టము లేదు, చిన్నతనమును లేదు. ఒకవేళ పొరపడి పట్టుబడినను అవుటగునది అతడొక్కడే. పట్టువాని స్థితి దీనికి పూర్తిగ విపరీతము. అతడు తొందరపడి చేయి వేసి జాఱవిడిచెనా, తాను అవుటగుటయే గాక, తన సాయమునకై వచ్చి కూతగానిమీద చేయి వేసిన ప్రతివానిని తనతో కూడ బరి వెలుపలికి తీసికొని పోవును. ఒక్కని తొందరపాటునకు ముగ్గురో నలుగురో గీత బయట కూర్చుండి, మరల లోనికి పిలుపు వచ్చువఱకు తమ జట్టు కూలుటను చూచుచుండవలెను. ఏ పనిలో ఒక్క తప్పునకు ఇంత వెల చెల్లింపవలసి యున్నదో ఆ పనిని మందకొడివానికి అప్పగింపదగిన పనిగ భావించుట ఏ విధమైన వివేకమో నాకు బోధపడకున్నది.

ఇక లెక్క సంగతి. నలుగురు కలిసి గొలుసుగ చుట్టి ఒకనిని నేలకు తెచ్చినచో జట్టుకు వచ్చునది ఒక పాయింటు. ప్రొ కబడ్డీ లీగు పట్టికలలో అది వారిలో ఒక్కని పేరనే చేరును. బరిలో ముగ్గురో అంతకు తక్కువమందియో మిగిలినప్పుడు పట్టినచో సూపర్ ట్యాకిల్ అని మఱియొక పాయింటు అదనముగ ఇత్తురు, అంతియే. అట్లుకాక, ఎడమ మూలనున్న వానికి జంకి కూతగాడు ఆ దిక్కునకే పోక, కుడివైపున అటునిటు కదలి, కాలము చెల్లి వట్టిచేతులతో మరలినప్పుడు ఆ మూలవాని పేర వ్రాయబడునది ఏమి? సున్న. అట్టి వట్టికూతలు వరుసగ రెండైనచో మూడవది చావోరేవో తేల్చుకొనవలసిన కూత యగుననియు, అందు పాయింటు తేనివాడు అవుటగుననియు అందఱు ఎఱుగుదురు. ఆ సంకటమును ఎదుటివానికి తెచ్చిపెట్టినది ఎవరో మాత్రము ఎవ్వరును అడుగరు. తెగిన నాడు తప్ప చెఱువుకట్టను తలచువారు లేనట్లే, జాఱవిడిచిన నాడు తప్ప పట్టువానిని తలచువారు లేరు.

గత సంక్రాంతికి నేను దగ్గఱనుండి చూచిన యొక పట్టును గూర్చి చెప్పెదను. పత్తి చివరి తీత ముగిసిన చేనిని చదునుచేసి, నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీసిరి. ఎడమ మూల నిలిచిన కుఱ్ఱవాడు ఇరువదేండ్లు నిండనివాడు. మోకాళ్ళు కొంచెము వంచి, బరువంతయు మునివేళ్ళమీద ఉంచి, ప్రక్కవాని వ్రేళ్ళలో తన వ్రేళ్ళు మెలివేసి నిలిచెను. ఎదుటివాని మొగమునుగాని, వీచుచున్న చేతులనుగాని అతడు చూచుటలేదు. అతని దృష్టి కూతగాని నడుముమీదనే యుండెను, ఏలయన చేతులు మోసగించును, కన్నులు మోసగించును, నడుము పోయిన వైపునకే మనిషి పోవలెను. కూతగాడు బోనస్ గీతకై కుడికాలు చాచి, వెనుకకాలు లేపకముందే, చాచిన కాలి బొటనవ్రేలు నేలనంటిన ఆ క్షణమున కుఱ్ఱవాడు ప్రక్కవాని చేయి విడిచి ముందునకు దూకెను. రెండు అరచేతులు చీలమండను బిగించెను. ఱొమ్ము నేలకు తాకెను. చెంప మట్టిలో ఒరసికొని పోయెను. కూతగాడు తన బలమంతయు కూడగట్టి నడిగీతవైపు లాగెను. రెండుమూరల దూరము ఈడ్చుకొని పోయిన పిమ్మట కవర్ స్థానమునుండి వచ్చినవాడు తొడను, మఱియొకడు నడుమును చుట్టిరి. ఇదంతయు ఱెప్పపాటులో జరిగినది. ఆ దూకుడు అరక్షణము ముందైనచో కాలు చేతికి అందకపోవును, అరక్షణము వెనుకైనచో బోనస్ వారిపాలగును. అట్టి తీర్పును దేహముతో చేసినవానిని మొరటువాడనుట అజ్ఞానము.

"మాటలు చాలును, గెలుపు లెక్కలు చెప్పుము" అనువారున్నారు. వారికి మన తెలుగువారి జట్టు కథయే చాలును. 2014లో ప్రొ కబడ్డీ మొదలైననాటినుండి తెలుగు టైటాన్స్ ప్రసిద్ధి రాహుల్ చౌదరి మొదలుకొని కూతగాండ్రమీదనే నిలిచినది. 2023 వేలమున పవన్ సెహ్రావత్‌ను ఆ జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. ఆట చరిత్రలో అంతవఱకు అంత వెల ఎవ్వరికిని పలుకలేదు. పవన్ తన పని తాను నెఱవేర్చెను, ఆ సీజను అగ్రశ్రేణి కూతగాండ్రలో నిలిచెను. అతని యందు దోషము లేదు. కాని జట్టు 22 ఆటలలో రెండు మాత్రమే గెలిచి పట్టికలో అడుగున పడినది. అదే వేలమున పుణెరి పల్టన్ ఇరాను దేశపు డిఫెండరు మహమ్మద్ రెజా షాద్లూయీకి 2 కోట్ల 35 లక్షలిచ్చినది. ఆ సీజనులో అందఱికంటె మిన్నగ పట్టుపాయింట్లు తెచ్చినవాడు అతడే. 2024 మార్చి 1న, మన హైదరాబాదులోనే, పుణె జట్టు హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి కప్పు నెత్తుకొన్నది. తరువాతి వేలమున షాద్లూయీ 2 కోట్ల 7 లక్షలకు హర్యానాకు పోయెను. ఆ యేడు కప్పు హర్యానాకు పోయెను. ఆ తుదిపోటీలో ఓడినది పట్నా. ఆ సీజనులో 300 కూతపాయింట్లు దాటిన దేవాంక్ ఆ జట్టువాడే. వరుసగ రెండేండ్లు ఒక్క మూలవాడు ఏ జట్టున నిలిచిన ఆ జట్టే గెలుచుట యాదృచ్ఛికమనుటకు నాకు నోరురాదు.

ప్రతివాదుల చేతిలో ఒక బలమైన ఆయుధము గలదు. దానిని దాచుట ధర్మము కాదు. పర్దీప్ నర్వాల్ ఐదవ సీజనులో 369 కూతపాయింట్లు సాధించి పట్నాకు మూడవ కప్పు తెచ్చెను. ఆ తుదిపోటీలో 55-38తో ఓడిన గుజరాత్ జట్టు రెండు మూలల నిలిచినవారు ఫజల్ అత్రాచలి, అబోజర్ మిఘానీ యను ఇరాను వీరులు. అనగా ఉత్తమ కూత ఉత్తమ పట్టును ఓడించిన దినము గలదు. అట్టి ప్రతిభ అపురూపమని, అది వెలసిననాడు నియమములన్నియు తలవంచునని నేను ఒప్పుకొందును. ఐనను కథ అచ్చట ఆగలేదు. పర్దీప్ యూపీ యోధా జట్టుకు పోయిన పిమ్మట, 2022 ఫిబ్రవరి సెమీఫైనలులో ఆ జట్టు ఎదుర్కొన్నది అతని పాత జట్టునే. పర్దీప్ లేని పట్నా, ఆ యేడు క్రొత్తగ వచ్చిన షాద్లూయీని ఎడమ మూల నిలిపి, 38-27తో గెలిచి తుదిపోటీకి పోయినది. అంతకంటె పెద్ద నిదర్శనము 2018 ఆగస్టున జకార్తాలో జరిగినది. 1990నుండి ఏడు ఆసియా క్రీడలలో వరుసగ స్వర్ణము గెలిచిన భారతపురుషుల జట్టు, అజయ్ ఠాకూర్, పర్దీప్, రాహుల్ చౌదరి వంటి కూతగాండ్రతో పోయియు, సెమీఫైనలులో ఇరాను చేతిలో 27-18తో ఓడినది. కుస్తీలో పేరుమోసిన ఆ దేశము మన చెడుగుడును పట్టువైపునుండి నేర్చుకొన్నది. మనకు తక్కువగ తోచిన దానిని వారు విద్యగ స్వీకరించిరి.

ఈ చిన్నచూపు మన కొక్కరికే పట్టిన జాడ్యము కాదు. అమెరికా ఫుట్‌బాలులో రక్షణపంక్తి యొకటి యున్నది. బంతి విసరువానిని విసరకముందే పడగొట్టుట అందలి వారి ముఖ్యకార్యము. ఆ పడగొట్టుటకు "శాక్" అను పేరు ప్రచారములోనికి తెచ్చిన డీకన్ జోన్స్ 1961నుండి 1974వఱకు ఆడెను. కాని ఆ దేశపు లీగు ఆ లెక్కను అధికారికముగ వ్రాయ మొదలిడినది 1982లో. ఆ మహావీరుని అధికారిక లెక్కలో ఒక్క శాకును లేదు. డల్లసులోను న్యూజెర్సీలోను స్థిరపడిన మన పిల్లలకు ఆ పంక్తివారు మాంసపర్వతములుగ మాత్రమే కనబడవచ్చును; వారు ఆలన్ పేజ్ చరిత్ర చదువవలెను. రక్షణపక్షమువాడై యుండి 1971లో లీగు అత్యుత్తమ ఆటగాడుగ ఎన్నికైన మొదటివాడు అతడు. ఆడుచుండగనే న్యాయశాస్త్రము చదివి, 1993నుండి 2015వఱకు మిన్నెసోటా రాష్ట్రపు సుప్రీమ్ కోర్టున న్యాయమూర్తిగ కూర్చుండెను. మొన్నమొన్నటి ఆరన్ డొనాల్డ్ ఆ పనికి పొట్టివాడన్నవారున్నారు. 2014లో లీగు జట్టులు క్రొత్తవారిని తీసికొనునప్పుడు పండ్రెండుగురి తరువాత గాని అతనిని ఎంచుకొనలేదు. అతడు మూడుసార్లు సంవత్సరపు ఉత్తమ రక్షకుడై, 2022 ఫిబ్రవరి సూపర్ బౌలున ఎదుటిజట్టు చివరి యత్నమును చేజేతుల భగ్నముచేసెను. అతనినొక్కని ఆపుటకు ఇద్దఱిని నియమించుట పరిపాటియై యుండెను. తత్ఫలితముగ అడ్డులేక చొచ్చుకొనిపోయిన సహచరుని పేర శాకు చేరును, ఆ ఇద్దఱి భారమును మోసినవాని పేర ఏదియు చేరదు. మన మూలవాని దుఃఖమే అచ్చటను.

దేహమునకు తగులు దెబ్బలను గూర్చి కూడ చెప్పవలసియున్నది. విఱిగి వంకరగ అతుకుకొన్న వ్రేళ్ళు, జాఱిన భుజము, మోకాటి కీలు, పైబడినవాని మడమ తగిలి చీలిన కనుబొమ్మ, ఇవి పట్టువాని సంపాదన. మన పల్లెలలో ఈ ఆట ఆడువారు మిరపతోటలో, పొగాకు చేలలో పని చేసికొనువారి బిడ్డలు. మోకాలు చెడినచో ఆటయే గాక కూలియు పోవును. ఇంత పణమొడ్డి ఆడువానికి రైల్వేలోనో పోలీసులోనో క్రీడల కోటా ఉద్యోగము రావలెనన్నచో ఎంపికచేయువారి కంట పడవలెను. ఎంపికచేయువారి కన్నులు కూతమీదనే యున్నప్పుడు అతడు పడుటెట్లు? ఈ కారణముచేతనే కొంచెము చుఱుకున్న ప్రతి బాలుడు మూలను వదలి కూతకు ఎగబడుచున్నాడు. ఏడుగురు కూతగాండ్రున్న జట్టులు నేడు మన మండలములలో కోకొల్లలు. కాలు పట్టుట నేర్చినవానిని వెదకవలసి వచ్చుచున్నది.

కావున పోటీలు నడుపువారిని నేను కోరునది సులభసాధ్యమైనదే. ఉత్తమ కూతగానికి ఎంత బహుమాన మిత్తురో, ఉత్తమ పట్టువానికిని అంతే ఇయ్యవలెను, అదే వేదికమీద, అదే చేతులమీదుగ. స్కోరుపుస్తకమున రెండు గడులు అదనముగ గీయవలెను: గొలుసులో చేయి వేసిన వారందఱి పేర్లు వ్రాయుటకు ఒకటి, ఎదుటివాడు వట్టిచేతులతో మరలిన కూతలను లెక్కించుటకు ఒకటి. స్కోరు వ్రాయువాని ప్రక్కన మఱియొక కుఱ్ఱవానిని కూర్చుండబెట్టినచో ఈ పని జరుగును. వ్యాయామోపాధ్యాయులు బడిలో వారమునకు ఒక దినమైనను కూతలేని అభ్యాసము పెట్టి, చీలమండ పట్టు, తొడపట్టు, గొలుసు కదలిక మాత్రమే నేర్పవలెను. ఆ దినమున మూలకు మొదట పంపవలసినవాడు తరగతిలోకెల్ల చుఱుకైన బాలుడు.