చెంచాడు నెత్తళ్లు, గంపెడు గొప్పలు

ఎండు నెత్తళ్లు వేపిన వాసన వచ్చిందని అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించిన పెద్దమనుషులు ఈ విశాఖలోనే ఉన్నారు. అవే నెత్తళ్లను పొడి కొట్టి, నల్లరాతి పలక మీద చిటికెడు చల్లి, ‘తీరపు జ్ఞాపకం’ అని పేరు పెడితే వేలకు వేలు పోసి కళ్లు మూసుకుని చప్పరిస్తున్నదీ వాళ్లే. కోపం వస్తోందా? రానివ్వండి. రావాలనే రాస్తున్నాను.

ఇలా చిటికెడు చిటికెడు వరసగా వడ్డించే భోజనాన్ని టేస్టింగ్ మెనూ అంటారు. ఫ్రాన్స్‌లోనూ జపాన్‌లోనూ వరస భోజనానికి ఒక మర్యాద ఉంది: షెఫ్ ఏది పెడితే అది, ఏ వరసలో పెడితే ఆ వరసలో తినాలి. బీచ్ రోడ్డులో నేను తిన్నచోట గాజు గిన్నెలో రెండు గుక్కల చోడి అంబలి వచ్చింది. తర్వాత బొంగులో చికెన్ తునక, చివర్లో గోరంత మాడుగుల హల్వా. పనితనానికి వంక పెట్టను, చెయ్యి తిరిగిన వంటే. కానీ వెన్న ఏ దేశం నుంచి దిగిందో గడగడా అప్పజెప్పిన వడ్డించే మనిషిని ‘ఈ చేప ఏ బోటుది, చోళ్లు ఏ ఊరివి’ అని అడిగితే నీళ్లు నమిలాడు. అంబలి తాగి కొండపోడు చేసుకునే ఆదివాసీకి, గంప నెత్తిన పెట్టుకున్న జాలరి ఆడమనిషికి ఆ మెనూ కార్డులో ఒక్క అక్షరం చోటు లేదు.

మన వంటను పైకి తెస్తున్నారు కదా అంటారు. తెచ్చింది వంటను. వండినవాళ్లను గుమ్మం బయటే ఉంచారు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఈ తీరంలో మరబోట్ల వేట బంద్. ఆ రెండు నెలలు జాలరిపేట పొయ్యి ఎలా వెలుగుతుందో ఎన్నడైనా అడిగారా? 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పదుల కొద్దీ బోట్లు తగలబడ్డాయి. ఆ మంటల వీడియోలు ఫోన్లలో తిప్పిన చేతులే పూర్ణా మార్కెట్‌లో కానాగంతల దగ్గర పది రూపాయలకు గీచి గీచి బేరమాడతాయి. హోటల్ బిల్లు ముందు మాత్రం నోరు పెగలదు. సర్వీస్ ఛార్జీ బలవంతంగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. అయినా బిల్లులో ఆ ఛార్జీని వేలు పెట్టి చూపించడం మీకు నామోషీ. ఎండలో కూర్చుని చేపలమ్మే ముసలమ్మ మీద చూపే పౌరుషం ఏసీలోకి రాగానే ఏమైపోతుంది?

పండించినవాళ్ల ఊరూ పేరూ చెప్పడం చేతకాని పనేం కాదు. ఆదివాసీలు పండించిన అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. పారిస్‌లో చెప్పగలిగిన ఊరిపేరు విశాఖ పాండురంగాపురంలో చెప్పలేరా?

ఈసారి ఆ బల్ల దగ్గర కూర్చుంటే అడగండి: ఈ చేప ఎవరు పట్టారు, ఈ చోళ్లు ఎవరు పండించారు, వాళ్లకు ఎంత ముట్టింది? జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. మర్నాడు మార్కెట్‌లో ఆ ముసలమ్మ చెప్పిన ధర ఇచ్చి చేప తీసుకోండి.