సయనైడ్ దిబ్బల ధూళి: ‘అలర్జీ’ అంటే సరిపోతుందా?

ఆషాఢ మాసపు గాలి లేచిందంటే బంగారు గనుల పట్టణంలో తలుపులు, కిటికీలు మూసుకోక తప్పదు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినా, బంగారాన్ని విడదీయగా మిగిలిన పిండి మట్టి దిబ్బలుగా అక్కడే నిలిచి ఉన్నది. జనం వాటిని సయనైడ్ దిబ్బలంటారు. ఆ ధూళి వల్ల దగ్గు వచ్చినా, దురద పుట్టినా ‘అలర్జీ’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది.

2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం 1,003 ఎకరాలలోని 13 దిబ్బలను మళ్లీ తవ్వే కేంద్ర ప్రతిపాదనకు సమ్మతించింది. అక్కడ ఉన్నది సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి. ఉపాధి కోసం ఎదురుచూసే ఇళ్లకు ఇది ఆశే. అయితే పార వేయక ముందే ఒక ప్రశ్నకు సమాధానం కావాలి: ఈ ధూళి ఒంటికి ఏ విధంగా హాని చేస్తుంది?

మన పెద్దలు ‘పడదు’ అనే మాటలోనే శాస్త్రం ఉన్నది. ఒక పదార్థం మొదట తాకినప్పుడు ఏమీ కాకపోవచ్చు. శరీరం మాత్రం దానిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరువాత కొద్దిపాటి తాకిడికే దద్దురో, ఉబ్బసమో వస్తుంది. మన చేలగట్లపై పెరిగే వయ్యారిభామ, అనగా కాంగ్రెస్ గడ్డి, ఇందుకు తగిన ఉదాహరణ. ఏళ్ల తరబడి దానిని పెరికిన రైతుకే ఒకనాడు ముఖం, మెడ, మోచేతులు పగిలి దురద పుడుతుంది. సిమెంటులోని క్రోమియం వల్ల మేస్త్రీల చేతులకు వచ్చే పుండ్లూ ఈ కోవకు చెందినవే.

దిబ్బల ధూళి సంగతి వేరు. సయనైడ్ ప్రాణాంతక విషమే గాని, అలర్జీ పుట్టించే పదార్థంగా పేరు పొందినది కాదు. ఇక్కడ ముఖ్యంగా భయపడవలసినది రాతిపొడిలోని సిలికాకు. కంటికి కనబడనంత సన్నని ఆ రేణువులు ఊపిరితిత్తులలో నిలిచి మచ్చలు కడతాయి. అదే సిలికోసిస్. ఆ మచ్చలను మాన్పే మందు లేదు. క్షయ సోకే ప్రమాదమూ పెరుగుతుంది. మన గని కార్మికులలో ఎందరో దీనికి బలైనవారే. కనుక ‘అలర్జీ కాదు’ అంటే ‘హాని లేదు’ అని అర్థం కాదు. అలర్జీ మాత్రలతో కాలం గడిపితే అసలు జబ్బు ముదురుతుంది.

చర్మానికి పడనిదేదో తేల్చడానికి వైద్యులు అనుమానిత పదార్థాలను వీపుపై పట్టీలుగా అంటించి, 48 గంటల తరువాత తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తారు. కొత్త రసాయనాలను జంతువులపై ప్రయోగించకుండా పరీక్షించే పద్ధతులకు 2021లో అంతర్జాతీయ ఆమోదం లభించింది. శ్వాసకు సంబంధించి మాత్రం అటువంటి ఆమోదిత పరీక్ష ఇంకా లేదు. కాబట్టి మనుషుల అనుభవాన్ని శ్రద్ధగా నమోదు చేయడమే ముఖ్యమైన ఆధారం.

అందువల్ల ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన నాడు మనం అడగవలసినవి మూడు. ధూళిలో సిలికా, ఆర్సెనిక్, క్రోమియం, నికెల్ ఎంతెంత ఉన్నవో ముందుగా ప్రకటించాలి. పని మొదలు కాకముందే కార్మికులకు, చుట్టుపక్కల నివాసులకు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించాలి. తవ్వే చోట నీరు చల్లి, లారీలపై పట్టాలు కప్పాలి.

ఇంట్లో చేయవలసినదీ ఒకటున్నది. దగ్గు, దురద ఏ రోజు, ఏ పని చేసినప్పుడు వచ్చినవో, ఊరు విడిచినప్పుడు తగ్గినవో లేదో కాగితంపై వ్రాసి వైద్యునికి చూపండి. గనిలో పనిచేసిన సంవత్సరాలనూ చెప్పండి. బంగారం తీసేవారు తూకం తప్పరు. మన ఊపిరి లెక్కను మనమూ తప్పకుండా వ్రాసి ఉంచుకోవాలి.