నూటికి ఎంత?

వడ్డీ, పన్ను, తగ్గింపు ధర, పరీక్షా ఫలితం – నేటి జీవితంలో ఇవన్నీ శాతాల్లోనే వ్యక్తమవుతున్నాయి. అయినా ఏడెనిమిది తరగతుల్లో శాతాలు అభ్యసించిన విద్యార్థులు పలువురు అంగడిలో అడుగుపెట్టగానే తడబడుతున్నారు. లోపం వారి తెలివిలో లేదు. బోధించే క్రమంలో ఉంది. శాతాన్ని సూత్రంగా కాక ప్రశ్నగా నేర్పాలి. ‘నూటికి ఎంత?’ అన్నది ఆ ప్రశ్నలో సగం మాత్రమే. ‘దేనిమీద? ఎంత కాలానికి?’ అన్నది మిగిలిన సగం.

తెలుగువారికి ఈ లెక్క కొత్తది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన ‘గణితసార సంగ్రహా’న్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అది తెలుగులో తొలి గణిత గ్రంథంగా ప్రసిద్ధి పొందింది. మహావీరుని గ్రంథంలో త్రైరాశికానికీ, వడ్డీ లెక్కలకూ విశేష స్థానం ఉంది. తెలిసిన మూడు రాశుల నుండి తెలియని నాలుగవ రాశిని సాధించడమే త్రైరాశికం. నూటికి మూడైతే పదివేలకు ఎంత అని అడిగే రైతు చేసేది కూడా అదే.

పల్లెలో ‘మూడు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు మూడు రూపాయలు. బ్యాంకులో ‘12 శాతం’ అంటే నూటికి ఏడాదికి పన్నెండు రూపాయలు. అంకెలను మాత్రమే చూసే బాలునికి మూడు చిన్నది, పన్నెండు పెద్దది. కాలాన్ని కలిపి చూస్తే మొదటిది ఏడాదికి 36 శాతం. రెండవది నెలకు రూపాయి వడ్డీ. ఏడాది చివర తీర్చే పదివేల అప్పుకు ఒకచోట వడ్డీ 3,600 రూపాయలు, మరొకచోట 1,200 రూపాయలు. నడుమనున్న 2,400 రూపాయలు పేద కుటుంబానికి స్వల్పం కాదు. ప్రామిసరీ నోటు మీద తండ్రి సంతకం చేసే వేళ పక్కనున్న కుమార్తె ఈ తేడాను వివరించగలిగితే ఆ పాఠం సార్థకమైనట్లే.

అంగడిలోనూ ఇంతే. ‘50 శాతం తగ్గింపు, ఆపై మరో 20 శాతం’ అన్న ప్రకటన చూసి చాలామంది 70 శాతం తగ్గిందనుకుంటారు. వెయ్యి రూపాయల చీర మొదట 500 అవుతుంది. రెండవ తగ్గింపు ఆ 500 మీద లెక్కిస్తారు కనుక మరో వంద రూపాయలే తగ్గుతుంది. మొత్తం తగ్గింపు 60 శాతమే. 18 శాతం పన్నుతో కలిపి బిల్లు 1,180 రూపాయలైతే, పన్ను 180 రూపాయలు. 1,180లో 18 శాతం కడితే 212 రూపాయల 40 పైసలు వస్తుంది, అది తప్పు. పన్ను వేసింది వెయ్యి మీద.

ఈ తప్పుల్లో పెక్కు గణితంలో కాక భాషలో పుడుతున్నాయి. ధర ‘20 శాతం తగ్గింది’ అంటే వెయ్యి 800 అవుతుంది; ‘20 శాతానికి తగ్గింది’ అంటే 200 అవుతుంది. ఒక్క విభక్తి ప్రత్యయం ఆరువందల రూపాయల తేడా తెచ్చింది. కాబట్టి వాక్యాన్ని సరిగా చదవడం నేర్పనిదే లెక్క నేర్పినట్లు కాదు.

ఉపాధ్యాయుడు మొదట నోటి లెక్కతో ప్రారంభించాలి. పది శాతమంటే పదోవంతు. అందులో సగం ఐదు శాతం. రెండూ కలిపితే పదిహేను. తరువాత ఇంటి బిల్లులను, దుకాణాల కరపత్రాలను తరగతికి తెప్పించి, దేనిమీద లెక్కించారో పిల్లల చేతనే చెప్పించాలి. సూత్రం ఆపైన రావాలి.

పాఠ్యప్రణాళిక పూర్తిచేయడానికే సమయం చాలడం లేదని కొందరంటారు. ఆ ఇబ్బంది నిజమే. కాని అర్థం కాని సూత్రాన్ని ప్రతి తరగతిలో మళ్ళీ చెప్పడానికి అంతకంటే ఎక్కువ సమయం వ్యయమవుతున్నది. మార్కుల కోసం నేర్చిన సూత్రాన్ని విద్యార్థి పరీక్ష తరువాత మరచిపోవచ్చు. ‘దేనిమీద?’ అని అడిగే అలవాటు మాత్రం అతణ్ణి అప్పుల ఊబి నుండి, ప్రకటనల మాయ నుండి కాపాడుతుంది. ఆ అలవాటు కలిగించడంలో గణితోపాధ్యాయునితో పాటు భాషోపాధ్యాయునికీ బాధ్యత ఉంది.