మాకు తాళంచెవి వద్దు, తలుపు చాలు

"అడ్మిన్ పాస్‌వర్డ్ మీకు ఇవ్వం. కాబట్టి సర్వర్ మాట ఎత్తొద్దు." కంప్యూటర్ ల్యాబులో ఈ మాట మేము చాలాసార్లు విన్నాం. ఇందులో మొదటి సగం న్యాయమే. పాస్‌వర్డ్ పిల్లల చేతికి ఇవ్వకూడదని నేనూ ఒప్పుకుంటాను. రెండో సగం మాత్రం తప్పు. పాస్‌వర్డ్ లేకుండానే వెబ్ సర్వర్ నడపొచ్చు. అసలు అలా నడపడమే మంచి పద్ధతి.

సర్వర్ అనగానే ఏసీ గదిలో ఉండే పెద్ద యంత్రం అనుకుంటారు. నిజానికి అది ఒక ప్రోగ్రాం. బ్రౌజర్ "ఈ పేజీ ఇవ్వు" అని అడిగితే తీసి ఇస్తుంది, అంతే. టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్ పరిశోధన సంస్థలో మొట్టమొదటి వెబ్ సర్వర్‌ను నడిపింది కూడా తాను పనిచేసుకునే నెక్స్ట్ కంప్యూటర్ మీదే.

మరి అడ్మిన్ హక్కు మాట ఎందుకొచ్చింది? ప్రతి సర్వర్ ఒక పోర్టు దగ్గర కాచుకొని ఉంటుంది. పోర్టు అంటే తలుపు నెంబరు అనుకోండి. ఈ నెంబర్లు 65535 దాకా ఉన్నాయి. వెబ్‌కు అలవాటైన తలుపు 80. లినక్స్‌లో 1024 కంటే తక్కువ నెంబరు తలుపు తెరవాలంటే మామూలుగా అడ్మిన్ హక్కు కావాలి. 8000, 8080 లాంటివి మామూలు అకౌంటుతోనే తెరుచుకుంటాయి. విండోస్‌లో ఈ 1024 నియమం లేదు. అక్కడ పాస్‌వర్డ్ అడిగేది ప్రోగ్రాం ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, సర్వర్‌ను సర్వీసుగా పెట్టేటప్పుడు. ఆ రెండూ మాకు అక్కర్లేదు.

పైథాన్ ఉన్న కంప్యూటర్లో చిన్న సర్వర్ దానితోపాటే వస్తుంది. పిహెచ్‌పిలో 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి నేర్చుకునేవాళ్ల కోసం సొంత సర్వర్ ఉంది. విండోస్‌కు పిహెచ్‌పి జిప్ ఫైలుగా దొరుకుతుంది. మన ఫోల్డర్లో విప్పుకుంటే చాలు. దానికి కావలసిన విజువల్ సి++ రన్‌టైమ్ లేకపోతే ఒక్కసారి సార్ వేసి ఇవ్వాలి, ఆ తర్వాత ఆయన్ను పిలవాల్సిన పని లేదు. పని అయ్యాక కంట్రోల్, సి కలిపి నొక్కితే సర్వర్ ఆగిపోతుంది.

"వైరస్ వస్తే? బయటివాళ్లు చొరబడితే?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు అడ్రసులో ఉంది. 127.0.0.1 అనే అడ్రసు మీద నడిపితే ఆ సర్వర్ ఆ ఒక్క కంప్యూటర్‌కే జవాబిస్తుంది, పక్క బల్ల మీది కంప్యూటర్‌కు కూడా కనబడదు. అయితే పైథాన్ సర్వర్‌కు ఈ అడ్రసు మనమే చెప్పాలి. చెప్పకపోతే నెట్‌వర్క్ మొత్తానికి తలుపు తెరుస్తుంది. ఇది ఒక పీరియడ్‌లో నేర్పగల జాగ్రత్త. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

ఇంకో సంగతి చూడండి. లినక్స్ మీద నడిచే పెద్ద అపాచీ సర్వర్లు కూడా 80వ తలుపు తెరవడం లాంటి పనులకే అడ్మిన్ హక్కు వాడుకుంటాయి. తర్వాత పేజీలు ఇచ్చే పనిని తక్కువ హక్కులున్న అకౌంటుకు అప్పగిస్తాయి. ఎవరైనా చొరబడినా కంప్యూటర్ మొత్తం వాళ్ల చేతికి పోకూడదని ఈ ఏర్పాటు. అనుభవమున్నవాళ్లే హక్కులు తగ్గించుకొని నడుపుతుంటే, హక్కులు లేవని మమ్మల్ని ఆపడంలో అర్థమేముంది?

ఇదంతా ఎందుకింత పట్టుదల అంటారా? ప్లస్ టూ కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పిహెచ్‌పి పాఠాలున్నాయి. పిహెచ్‌పి ఫైలును డబుల్ క్లిక్ చేస్తే నడవదు, దానికి సర్వర్ కావాలి. సర్వర్ లేకపోతే ప్రోగ్రాంను నోటుబుక్కులో రాసుకొని బట్టీ పట్టాలి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇంటికెళ్లి చేసి చూసుకుంటారు. మా హోసూరు పక్క అమ్మానాన్నలు పూలతోటల్లో, ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పనిచేసే పిల్లలకు స్కూలు కంప్యూటరే కంప్యూటర్. గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పితే ఎవరికి వస్తుంది?

తెలుగు సంగతి కూడా ఉంది. మా అవ్వాతాతలు వాడే మాటలు చాలావరకు మా పుస్తకాల్లో లేవు. వాటిని పోగుచేసి, వెతుక్కునే వీలున్న చిన్న సైటు చేయాలని మా క్లాసువాళ్ల కోరిక. ల్యాబులో నెట్ లేకపోయినా అది నడుస్తుంది. యూటీఎఫ్-8లో దాచుకుంటే తెలుగు అక్షరాలు చెదరవు. "మన భాషను కాపాడండి" అని ప్రతి వార్షికోత్సవంలో మాకు చెబుతారు. కాపాడే పనిముట్టు కూడా మా చేతికి ఇవ్వండి.

మేము అడిగేవి నాలుగే. ప్రతి విద్యార్థికి మామూలు అకౌంటు. అందులో సొంత ఫోల్డర్. పైథాన్, పిహెచ్‌పి ఒక్కసారి వేసి ఇవ్వడం. వారానికి ఒక ప్రాక్టికల్ పీరియడ్. వీటికి పైసా ఖర్చు లేదు, ఆ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. 127.0.0.1 దాటి ఎవరైనా సర్వర్ నడిపితే వాళ్ల అకౌంటు ఆపేయండి, మేము అడ్డు చెప్పం.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. వచ్చే మీటింగులో మార్కుల గురించి అడిగినట్టే ఈ సంగతీ అడగండి. పాస్‌వర్డ్ సార్ జేబులోనే భద్రంగా ఉండనీయండి. మాకు 8000 నెంబరు తలుపు చాలు.