గురి కుదిరితే కొలువు కుదురుతుందా?

తిరుపతిలో ఏ ఇంజినీరింగ్ హాస్టల్‌కైనా రాత్రి పదకొండు దాటాక వెళ్లి చూడండి. ఒక గదిలో గేట్ పుస్తకం తెరిచి ఉంటుంది. పక్క గదిలో ల్యాప్‌టాప్ తెర మీద చిన్న చిన్న గోళాలు పుడుతుంటాయి, మౌస్ క్లిక్ పడగానే మాయమవుతుంటాయి. కథ లేదు, శత్రువు లేడు, తుపాకీ చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. ‘ఇదేం ఆట రా?’ అని అడిగితే, ‘ఆట కాదు మామా, ప్రాక్టీసు’ అంటాడు. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి షూటింగ్ గేముల్లో గురి కుదరడానికి వాడే సాఫ్ట్‌వేర్ అది. పేరు ఎయిమ్ ట్రైనర్. కొందరు రోజూ అరగంట చేస్తారు. కొందరు మూడు గంటలు. ఆ మూడు గంటల వాళ్లలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఒకటే: దీంతో కెరియర్ ఉంటుందా?

ఈ ప్రశ్నకు ఊపు తెచ్చింది కేంద్ర చట్టం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజుల్లో పనైపోయింది. డబ్బు పెట్టి ఆడే గేములు మొత్తం నిషేధం. వాటిని నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పేకాటల మీద 2020లోనే వేటు పడింది కాబట్టి ఆ ముక్క మనకు కొత్తకాదు. కొత్త సంగతి ఏమిటంటే, అదే చట్టం ఈస్పోర్ట్స్‌ను వేరుగా తీసి ప్రోత్సహించాల్సిన పోటీ క్రీడగా నిర్వచించింది. గెలుపోటములు చేతి నేర్పు, బుద్ధి చురుకుదనం, వ్యూహం లాంటి వాటి మీదే తేలాలి అంటుంది ఆ నిర్వచనం. చేతి నేర్పు! మన హాస్టల్ కుర్రాడికి ఆ ఒక్క మాట చాలు. ‘చూశావా, గవర్నమెంటే చెప్పింది’ అంటాడు. అంతకుముందే, 2022 డిసెంబరులో ఈస్పోర్ట్స్ కేంద్ర యువజన, క్రీడల శాఖ కిందికి వచ్చింది.

గుర్తింపు వేరు, జీతం వేరు. ఈ రెంటినీ కలిపి చూడటం దగ్గరే అసలు తిరకాసు ఉంది. ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూద్దాం.

ఎక్కువమంది వాడేవి రెండు. కోవాక్స్‌ను తయారుచేసింది గ్యారెట్ క్రుటిల్లా అనే షూటింగ్ గేముల ఆటగాడే. కోవాక్ అనేది ఆటలో ఆయన పేరు. రెండోది ఎయిమ్ ల్యాబ్. దీని వెనక ఉన్న స్టేట్‌స్పేస్ కంపెనీని పెట్టినాయన వేన్ మ్యాకీ, మెదడు మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. రెండింటిలోనూ గురిని ముక్కలు చేసి నేర్పిస్తారు. దూరంగా కనబడిన లక్ష్యం మీదికి ఒక్క ఊపులో చేయి తిప్పడం ఒకటి. కదిలే లక్ష్యాన్ని వదలకుండా వెంటాడటం ఒకటి. ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి మారడం మరొకటి. ప్రతి రౌండు తర్వాత మార్కులు. మీరు ఆడే గేములో మౌస్ సెన్సిటివిటీ ఎంతో ఇక్కడా అంతే పెట్టుకోవాలి. లేకపోతే చేయి ఒక దూరం నేర్చుకుంటుంది, ఆటకు ఇంకో దూరం కావాలి.

మార్కులు పెరుగుతాయా? పెరుగుతాయి, అందులో అనుమానం లేదు. ఏ పనైనా వందసార్లు చేస్తే చేయి తిరుగుతుంది. ఆ మార్కులు అసలు ఆటలో ఎంతవరకు పనికొస్తాయన్నదే చూడాలి. 1901లోనే థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఇలాంటి ప్రశ్నను పరీక్షించారు. ఒక పనిలో నేర్చింది ఇంకో పనికి అక్కరకు రావాలంటే రెండు పనుల్లోనూ ఒకేలాంటి అంశాలు ఉండాలని తేల్చారు. ఎయిమ్ ట్రైనర్‌కీ అదే వర్తిస్తుంది. చేయి కదలిక వరకు పోలిక ఉంది కాబట్టి లాభం ఉంది. కానీ గోడ చాటున ఎవడున్నాడో ఊహించడం, ఎప్పుడు తగ్గాలో తెలియడం, జట్టుతో మాట్లాడటం, ఇవేవీ ఆ గోళాలు నేర్పవు. గురి బాగా కుదిరి, ఆటలో మాత్రం నిలబడాల్సిన చోట నిలబడలేక ఓడిపోయేవాళ్లు ఉంటారు.

‘మెదడుకు పదును’ అనే ప్రచారం కనబడితే ఇంకాస్త జాగ్రత్త. లుమోసిటీ అనే మెదడు వ్యాయామాల యాప్ తన ఆటలతో చదువులో, ఉద్యోగంలో రాణిస్తారని చెప్పుకుంది. ఆ మాటకు తగిన ఆధారం లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. 2016లో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది.

తర్వాతది మెషీన్ లెక్క. మనలో ఎక్కువమందిది 60 హెర్ట్జ్ తెర ఉన్న మామూలు ల్యాప్‌టాప్. దాని మీద బొమ్మ దాదాపు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. 144 హెర్ట్జ్ తెర మీద 7 మిల్లీసెకన్లకే మారుతుంది. కంటితో చూసి క్లిక్ చేయడానికి మనిషికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే తెర మార్చితే కలిసొచ్చేది పది మిల్లీసెకన్ల లోపే. పెద్ద పోటీల్లో అదీ లెక్కలోకి వస్తుంది. సెకండియర్‌లో మనకు రాదు. అప్పు చేసి గేమింగ్ మానిటర్ కొనేముందు ఈ తీసివేత ఒకసారి వేసుకోండి.

ఇంకో చిత్రం. మన దేశంలో గేమింగ్ అంటే ఎక్కువగా ఫోనే. 2015లో మన శ్రీసిటీలోనే ఫాక్స్‌కాన్ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది, కాబట్టి ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. మౌస్‌తో నేర్చిన గురి ఫోను తెర మీద బొటనవేలికి రాదు. బీజీఎంఐ ఆడేవాడు రాత్రంతా కోవాక్స్ చేస్తే వాడికి మిగిలేది మణికట్టు నొప్పే.

బీజీఎంఐ మాట వచ్చింది కాబట్టి దాని చరిత్ర కొంచెం నిదానంగా చూడాలి. దీన్నే కెరియర్ అనుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కథ ఇది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో పబ్‌జీ మొబైల్ ఒకటి. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022లో కోటిన్నర బహుమతితో ఒక టోర్నీ స్టార్ స్పోర్ట్స్‌లో ప్రసారమైంది. ఇంట్లో టీవీలో క్రికెట్ వచ్చే చానల్లో గేమింగ్ వస్తే అమ్మానాన్నలకు చూపించి మురిసినవాళ్లు ఎందరో. ఆ టోర్నీ జూలై మధ్యలో ముగిసింది. అదే నెల 28న బీజీఎంఐ యాప్ స్టోర్ల నుంచి మాయం. 2023 మేలో గానీ మళ్లీ రాలేదు. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ కూడా పోయింది. పది నెలల పాటు ఆట లేని ఆటగాడు ఏం చేయాలి? క్రికెట్‌ను ఒక కంపెనీ మూసేయలేదు. వీడియో గేముకు యజమాని ఉంటాడు, ఆ యజమాని మీద ప్రభుత్వం ఉంటుంది. మన గురి ఎంత బాగున్నా ఆ రెండూ మన చేతిలో లేవు.

మన తెలుగువాళ్లు ఈస్పోర్ట్స్ పెద్ద వేదిక మీద కనబడలేదా అంటే, కనబడ్డారు. 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో నాలుగో స్థానంలో నిలిచింది మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి. కాకపోతే ఆడింది చదరంగం. మౌస్ పట్టుకునే ఆడాడు లెండి.

మరి ఆ మూడు గంటలు వృథాయేనా? పూర్తిగా కాదు. ఎయిమ్ ట్రైనర్‌ను ఆటగాడిగా చూడటం మానేసి తయారీదారుడిలా చూస్తే దాని విలువ మారిపోతుంది. కోవాక్స్ ప్రతి రౌండు వివరాలను మీ కంప్యూటర్‌లోనే సీఎస్‌వీ ఫైలుగా దాచిపెడుతుంది. ఆరు నెలలు ఆడినవాడి దగ్గర వందల ఫైళ్లు ఉంటాయి. పైథాన్‌లో పాండాస్ వచ్చినవాడికి అది సొంత డేటా. మార్కులు ఏ వారం నుంచి పెరగడం ఆగిపోయాయి? రాత్రి ఒంటిగంటకు ఆడినవి, సాయంత్రం ఆడినవి ఎలా ఉన్నాయి? వేగం పెరిగినప్పుడు గురి తప్పడం ఎంత పెరిగింది? ఈ మూడు ప్రశ్నలకు గ్రాఫులతో జవాబు చెప్పిన ప్రాజెక్టు, నెట్‌లో అందరూ దించుకునే టైటానిక్ డేటా ప్రాజెక్టు కంటే ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడిస్తుంది. ఎందుకంటే అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు మీకే తెలుసు.

ఇంకాస్త ముందుకెళితే, చిన్న ఎయిమ్ ట్రైనర్ మీరే రాయొచ్చు. యూనిటీలో గోళం పుట్టించడం, క్లిక్ తగిలిందో లేదో చూడటం, టైమరు, స్కోరు. సీషార్ప్ కొంచెం వస్తే సెలవుల్లో అయిపోయే పని. రాసేటప్పుడు ఫిట్స్ సూత్రం చదవండి. లక్ష్యం చిన్నదైతే, దూరమైతే చేరడానికి ఎంత ఎక్కువ సమయం పడుతుందో లెక్క కట్టిన సూత్రమది. 1954 నాటిది. యాప్‌లో బటన్ ఎంత సైజుండాలి, ఎక్కడ పెట్టాలి అని నిర్ణయించే యూఎక్స్ డిజైనర్లు నేటికీ దాన్నే వాడతారు. గోళాలను కాల్చడానికీ పేమెంట్ యాప్‌లో బటన్ నొక్కడానికీ వెనకున్న లెక్క ఒకటే.

ఉద్యోగాలు ఎక్కడంటే, చిత్తూరు నుంచి బస్సెక్కితే దొరికే బెంగళూరులో రాక్‌స్టార్ గేమ్స్ స్టూడియో ఉంది. 2019లో అక్కడి ధ్రువ ఇంటరాక్టివ్‌ను కొనుక్కుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉంది. వీళ్లు ర్యాంకు అడగరు. ప్రోగ్రామర్‌ను సీప్లస్‌ప్లస్, సీషార్ప్ అడుగుతారు. టెస్టర్‌ను తప్పు ఎక్కడ, ఎలా, ఎన్నిసార్లు వచ్చిందో రాసి చూపించమంటారు. ఆగస్టు చట్టం తర్వాత డబ్బు గేముల కంపెనీల్లో పెద్ద ఎత్తున ఉద్యోగాలు పోయాయి కాబట్టి, అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇవే సీట్ల కోసం వరసలో ఉంటారు. ఫ్రెషర్‌కు చేతిలో చూపించడానికి ఒక పని ఉండి తీరాలి.

చివరగా కాలేజీ ఫెస్టులు నడిపేవాళ్లకు ఒక మాట. ఈస్పోర్ట్స్‌లో ఎంట్రీ ఫీజును చట్టం ఒప్పుకుంటుంది, అయితే అది పోటీలో చేరడానికో నిర్వహణ ఖర్చులకో మాత్రమే ఉండాలి. ప్రతిభను బట్టి బహుమతి ఇవ్వొచ్చు. పందెం కుదరదు. జట్టుకు ఐదొందలు వసూలు చేసి, ఆ మొత్తాన్నే గెలిచినవాళ్లకు పంచేస్తామని వాట్సాప్ గ్రూపులో పోస్టరు వేస్తే అది పందెంలాగే కనబడుతుంది. బహుమతి డబ్బు స్పాన్సర్ నుంచి తెచ్చుకోండి, ఫీజుల లెక్క విడిగా కాగితం మీద పెట్టుకోండి, పోస్టరు వేసేముందే ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి.