దాచవలసినది, చెప్పవలసినది

జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని ప్రాతఃకాలమున చాయ హోటలు బల్లమీద కూర్చుండువారికి రెండు విషయములలో అభిప్రాయము లేకుండుట అరుదు. మొదటిది చాయ కాచు విధము. పొడి నీళ్లలో బాగుగ మరిగిన పిమ్మటనే పాలు పోయవలెనని యొకరందురు. పాలలోనే పొడి వేసి కాచినగాని చిక్కదనము రాదని మరియొకరు వాదింతురు. రెండవది రాజకీయము. దానికి హద్దు లేదు. ఇంతలో చాయ వచ్చును. త్రాగినవారు లేచి, ఫోను తీసి, గోడమీది క్యూఆర్ కోడునకు చూపుదురు. సొమ్ము ముట్టినదని చిన్నపెట్టె పలుకును. ఈ మూడవ పనిని గురించి మాత్రము ఎవరును నోరు విప్పరు. ఇల్లు గుల్ల చేయగలది ఈ మూడవదే యని మా యభిప్రాయము.

మా యెరుకలోని యొక రైతు పసుపు అమ్మిన సొమ్ము ఖాతాలో పడిన వారము దినములకు, బ్యాంకునుండి మాట్లాడుచున్నామని చెప్పినవానికి ఓటీపీ చెప్పెను. నిమిషములలో ఖాతా ఖాళీ యయ్యెను. అది పెద్ద విచారమే. అయినను అంతకంటె మమ్ము బాధించినది వేరొకటి కలదు. నలుగురిలో నవ్వులపాలగుదునని భయపడి, ఆయన నాలుగు దినములు భార్యతోనైనను చెప్పలేదు. ఆయన పిన్ను నంబరో? అది దుకాణపు పిల్లవానికి తెలియును, అల్లునికి తెలియును, ఫోను వెనుక అంటించిన కాగితముమీదను ఉండెను. దాచవలసినదానిని ఊరికి చెప్పి, ఊరికి చెప్పవలసినదానిని కడుపులో దాచుకొనెను. ఈ తారుమారు ఆయన యొక్కనిది కాదు, మనలో పెక్కుమందిది.

దాచుట మనకు తెలియని విద్య కాదు. 2019 లో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో అత్యధికులు పసుపునకు, ఎర్రజొన్నకు న్యాయమైన ధర కోరిన రైతులే. జగిత్యాల, కోరుట్ల శాసనసభా నియోజకవర్గములు ఆ స్థానములోనివే. ఆ సంవత్సరము ఏప్రిల్ 11 న పోలింగు కేంద్రమునకు పోయిన మన రైతు, వరుసగా పేర్చిన యంత్రముల యెదుట, అట్టతెర చాటున ఒంటరిగా నిలిచి మీట నొక్కెను. ఎవరికి ఓటు వేయుదునో హోటలులో చాటినవాడైనను, మీట నొక్కు వేళ పక్కవానిని రానిచ్చెనా? ఓటునకు ఇచ్చిన మర్యాదనే పిన్ను నంబరునకును ఇయ్యవలెను.

మన పూర్వులలో చదువురానివారు షావుకారు చూపిన కాగితముపై వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకొనిన కథలు మన గ్రామములలో నేటికిని వినబడును. నేటి పిన్ను నంబరు ఆ వేలిముద్రయే. అది నొక్కితిమా, మన సొమ్ము ఇచ్చుటకు సమ్మతించితిమని అర్థము. కావున ఒక సూత్రము జ్ఞాపకముంచుకొన్న చాలును: సొమ్ము మననుండి పోవునపుడే పిన్ను నొక్కవలెను, సొమ్ము మనకు వచ్చుటకు పిన్నుతో పనిలేదు. బర్రెను కొనెదనని చెప్పి, బయానా పంపుచున్నాను, పిన్ను నొక్కుము అనువాడు కొనువాడు కాడు. సొమ్ము పంపితినని ఫోనులో బొమ్మ చూపువానిని కూడ ఊరక నమ్మరాదు. మన ఖాతాలో పడినదని చూచుకొనిన పిమ్మటనే బర్రె పగ్గము విడువవలెను.

మోసగాని పెట్టుబడి తొందరయే. ఈ రాత్రికే కరెంటు తీసివేయుదురు, ఈ నంబరునకు ఫోను చేయుము అని వార్త వచ్చును. సిరిసిల్ల ప్రాంతమునకు విద్యుత్తు సరఫరా చేయుటకు 1970 లో ఏర్పడిన సెస్ మన సంఘము వంటి సహకార సంఘమే; బిల్లు విషయమున సందేహమున్నచో ఆ కార్యాలయమునకే పోయి యడుగవచ్చును. రైతుభరోసా యనియు, పీఎం కిసాన్ అనియు పేరు పెట్టి వాట్సాపులో పంపు ఏపీకే ఫైలును తెరచి ఎక్కించుకొన్నచో, ఫోనే పరులపాలగును. గల్ఫులోని కుమారుడు ఆపదలో నున్నాడని చెప్పి సొమ్మడిగినచో, ముందుగా కుమారునికే ఫోను చేయవలెను. చాయ విషయమున మనకున్న ఓపికను ఇచ్చట మరచిపోవుచున్నాము. పొడి ముందా, పాలు ముందా యను వాదము తెగకున్నను, మరుగనిదే దించరాదని ఇరుపక్షములవారును ఒప్పుకొందురు. సొమ్మడిగిన ప్రతి మాటను అట్లే కొంతసేపు మరుగనిండు.

ఇక చెప్పవలసినదానిని గూర్చి. సొమ్ము పోయినదని తెలిసిన నిమిషముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను, బ్యాంకునకు తెలుపవలెను. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు త్వరత్వరగా మార్చును. ఎక్కడనైన నిలిచియున్నచో దానిని అచ్చటనే ఆపుటకు వీలున్నది. నగదుగ తీసికొనిన పిమ్మట ఆపుటకేమున్నది? 2017 జూలై 6 న రిజర్వు బ్యాంకు వెలువరించిన ఉత్తరువులోను ఈ న్యాయమే కలదు. ఖాతాదారు తన రహస్యసంఖ్యను పరులకు చెప్పుటవలన పోయిన సొమ్ము, బ్యాంకునకు తెలుపువరకు అతని నష్టమే. తెలిపిన పిమ్మట పోయినది బ్యాంకు భరింపవలెను. అనగా సిగ్గుపడి కూర్చున్న ప్రతి గంటకును వెల యున్నది. మేము చెప్పిన రైతు ఐదవ దినమున సంఘ కార్యాలయమునకు వచ్చెను. అప్పటికి సొమ్ము చేయిదాటి పోయినది.

ఇట్లు చెప్పుటవలన తప్పంతయు రైతుదేయని మా భావము కాదు. 2016 నవంబరు 8 న పెద్దనోట్లు రద్దయిన పిమ్మట, ఫోనుద్వారా చెల్లింపుడని మనకు బోధించినది ప్రభుత్వమే. 2019 లో ఆరంభమైన పీఎం కిసాన్ క్రింద ఏటికి 6,000 రూపాయలును, 2025 జనవరి 26 న ఆరంభమైన రైతుభరోసా క్రింద ఎకరమునకు ఏటికి 12,000 రూపాయలును నేరుగా ఖాతాలలోనే వేయుటకు నిర్ణయమైనది. ఎంత ఇచ్చితిమి, ఎంత ఇయ్యలేదు అని పార్టీలు వాదులాడుచున్నవి, వాదింపవలసినదే. కాని ఖాతాలో పడినదానిని కాపాడుకొను విధము రైతునకు నేర్పుట యెవరి పని యని, ఓటడుగ వచ్చువారిని మనము అడుగుట లేదు. ఇకమీద అడుగవలెను.

కన్ను సరిగా కనబడని ముసలివారు పరుల సహాయము లేక ఏమి చేయుదురని కొందరందురు. న్యాయమైన ప్రశ్నయే. పంట సొమ్మున్న ఖాతాను ఫోనునకు కలుపవలదు. చిల్లర ఖర్చులకు వేరొక ఖాతా తెరచి, అందులో కొద్ది సొమ్మే యుంచవలెను. అప్పుడు పొరపాటు జరిగినను పోవునది చాయ సొమ్మే గాని పసుపు సొమ్ము కాదు. వేలిముద్రతో నగదు ఇచ్చు యంత్రముపై ముద్ర వేసిన ప్రతిసారియు రసీదు అడిగి పుచ్చుకొనవలెను.

మన సంఘమునకు మేము చేయు సూచన యొక్కటే. ప్రతి నెల సభలో పావుగంట దీనికై కేటాయింపవలెను. మోసపోయినవాడు లేచి జరిగినది జరిగినట్లు చెప్పవలెను, వినువారు నవ్వరాదు. అప్పునకు ఒకరికొకరు జామీను నిలుచు మనము, జాగ్రత్తకు జామీను నిలువలేమా? రేపు ఉదయము చాయ త్రాగునపుడు, పాలు పొడి, పార్టీల మాటలైన పిమ్మట, ఈ మూడవ మాటయు ఎత్తుడు. ఎవరికి ఎట్లు నష్టము కలిగెనో అడుగుడు. ఎవరి పిన్ను ఏదో మాత్రము అడుగకుడు.